ఐదు వేలా, పది వేలా? ఆయిల్ గురించి మీటరు చెప్పని లెక్క

ప్రశ్న: మాది పెట్రోల్ కారు. కొని ఐదేళ్లయింది. రోజుకు మూడు నాలుగు సార్లు బయటికి తీస్తాను. పిల్లల స్కూలు, ఆఫీసు, ఇంటి పనులు, ఏదీ మూడు నాలుగు కిలోమీటర్లు దాటదు. ట్రాఫిక్ ఎలా ఉంటుందంటే మీటరులో సగటు వేగం గంటకు 16 చూపిస్తుంది. కిందటిసారి ఇంజిన్ ఆయిల్ మార్చి 14 నెలలైంది, ఆ తర్వాత తిరిగింది 4,200 కి.మీ. మాత్రమే. మాన్యువల్‌లో 10,000 కి.మీ. లేదా ఏడాది అని ఉంది. మెకానిక్ 5,000కే మార్చాలంటూ అద్దం మీద స్టిక్కర్ అంటించాడు. మా బావేమో 'సింథటిక్ పోయించావుగా, 20,000 దాకా దాని జోలికి పోకు' అంటాడు. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉంది. తిరిగిందే తక్కువ కదా, ఇంకో ఏడాది ఆగొచ్చా?

ఇంకో సంగతి. మా నాన్న కారు మూడేళ్లుగా దాదాపు షెడ్డులోనే ఉంటోంది. బ్యాటరీ పాడవకుండా ఆయన ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. మూడేళ్లలో 900 కి.మీ. కూడా తిరగని కారుకి ఆయిల్ మార్చడం దండగ కాదా?

జవాబు: ఆగకండి. ఈ వారంలోనే మార్పించేయండి. మాన్యువల్‌లో '10,000 కి.మీ. లేదా ఏడాది' అన్న చోటే 'ఏది ముందైతే అది' అన్న మాట కూడా ఉంటుంది, మళ్లీ ఒకసారి తీసి చూడండి. ఆ లెక్కన మీ గడువు దాటిపోయి రెండు నెలలైంది.

ఇక్కడితో ఉత్తరం ముగించొచ్చు. కానీ ట్రాఫిక్ మీద విసుగుతో మీరు యథాలాపంగా రాసిన ఆ 16 అనే అంకె నన్ను ఆపేసింది. అసలు సమాధానం అందులోనే ఉంది.

4,200ని 16తో భాగించండి. 262 వస్తుంది. ఈ 14 నెలల్లో మీ ఇంజిన్ నడిచిన గంటలవి. ఇప్పుడు హైవే మీద సగటున 60లో పోయే కారు ఒకటి ఊహించుకోండి. అదే 262 గంటల్లో అది 15,700 కి.మీ. తిరిగేస్తుంది. ఆ కారు ఓనరు మీకు ఎదురుపడి 'ఆయిల్ మార్చి 15,700 అయింది, ఇంకో ఏడాది ఆగొచ్చా?' అని అడిగితే మీరే వద్దంటారు. మీటరు లెక్కపెట్టేది చక్రాలు తిరిగిన దూరాన్ని. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు చక్రాలు ఆగుతాయి కానీ ఇంజిన్ ఆగదు, ఆయిల్ పంపు ఆగదు. కాబట్టి తక్కువ తిరిగింది మీ కారు. ఇంజిన్ తిరగాల్సినంతా తిరిగింది.

పోనీ గంటలు సమానమే అనుకున్నా, ఆ రెండు కార్లలో ఆయిల్ పడ్డ కష్టం సమానం కాదు. హైవే కారు ఆయిల్‌ది సుఖమైన బతుకు. ఒకసారి వేడెక్కిందంటే రెండు మూడు గంటలు అదే వేడిలో, అదే స్పీడులో పనిచేసుకుంటూ పోతుంది. మీ ఆయిల్ పూర్తిగా వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది. మూడున్నర కిలోమీటర్లకు మీ సగటు వేగంతో పదమూడు నిమిషాలు పడుతుంది. టెంపరేచర్ ముల్లు ఈలోపే మధ్యకి వచ్చేసి ఉండొచ్చు, కానీ అది చూపించేది రేడియేటర్ నీళ్ల వేడిని. ఆయిల్ దాని వెనక తాపీగా వేడెక్కుతుంది. చాలా కార్లలో మొత్తం ఆయిల్ సరైన వేడికి రావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు నడపాలి. 4,200ని మూడున్నరతో భాగిస్తే, ఈ 14 నెలల్లో సుమారు 1,200 సార్లు బండి స్టార్ట్ చేసి ఉంటారు. అందులో ఎన్నిసార్లు ఆయిల్ నిజంగా కాగిందో చెప్పమంటే, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చేమో.

వేడెక్కకపోతే ఏమవుతుంది? చాలామంది నమ్మరు కానీ, ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల పుట్టే నీరు అది. చాలా భాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన కారు సైలెన్సర్ నుంచి చుక్కలు పడటం చూసే ఉంటారు. కొంత ఆవిరి మాత్రం పిస్టన్ రింగుల పక్క నుంచి కిందికి, ఆయిల్ ఉండే చాంబర్‌లోకి జారుతుంది. ఇంజిన్ బాగా కాగి ఉంటే అది ఆవిరిగానే బయటపడుతుంది. చల్లగా ఉంటే అక్కడే నీటి బొట్లై ఆయిల్‌లో కలుస్తుంది. నీళ్లతో పాటు పెట్రోల్ కూడా. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి పెట్రోల్ కాస్త ఎక్కువే తాగుతుంది, అదంతా కాలదు. మిగిలింది సిలిండర్ గోడల వెంబడి జారి ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే ఈ బాధ ఇంకొంచెం ఎక్కువ.

నా మాట మీద నమ్మొద్దు, మీరే చూడండి. రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా బోనెట్ ఎత్తి, ఆయిల్ పోసే మూత తిప్పి తీయండి. మూత లోపలి వైపు చూడండి. గోధుమరంగు ఆయిల్ మరక ఉంటే సరే. లేత పసుపు రంగులో, తడిసిన సబ్బు నురగలాంటి జిగురు అంటుకుని ఉంటే, అది ఆయిలూ నీరూ చిలికితే వచ్చిన మడ్డి. మీలా చిన్న దూరాలు తిరిగే కార్లలో ఇది తరచూ కనిపిస్తుంది, ముఖ్యంగా చలికాలంలో. మూతకి కాస్త ఉన్నంత మాత్రాన టెన్షన్ పడాల్సిన పని లేదు. గుడ్డతో తుడిచి, కారుని ఒక గంట హైవే మీద తిప్పుకొస్తే చాలావరకు పోతుంది. అదే జిగురు డిప్‌స్టిక్ మీద కూడా ఉండి, రేడియేటర్‌లోని కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే మాత్రం అది ఆయిల్ మార్పుతో తీరేది కాదు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి నీళ్లు ఆయిల్‌లోకి వస్తున్నాయేమో చూపించాలి.

ఇంకొక విషయం. డబ్బాలో ఉన్నదంతా నూనె కాదు. కొన్ని ఆయిళ్లలో ఐదో వంతు దాకా రకరకాల రసాయనాలు కలుపుతారు. మసిని కడిగేవి, కడిగిన మసి గడ్డకట్టకుండా పట్టి ఉంచేవి, లోహం మీద పలచటి రక్షణ పొర ఏర్పరిచేవి, తుప్పుని ఆపేవి, నురగని అణిచేవి. ఇంధనం కాలినప్పుడు పుట్టే ఆమ్లాలను విరగ్గొట్టడానికి క్షారగుణం ఉన్నవీ ఉంటాయి. నూనె అంత తొందరగా అరగదు కానీ ఇవి ఖర్చయిపోతాయి. మార్చేది ముఖ్యంగా అందుకే. నీళ్లు, పెట్రోల్, ఆమ్లం కలిసిన ఆయిల్‌లో ఇవి కారు కదలకపోయినా ఖర్చవుతూనే ఉంటాయి. మాన్యువల్‌లో కిలోమీటర్ల పక్కన కాలెండర్ గడువు పెట్టింది అందుకే.

ఇక మీకు సలహా ఇచ్చినవాళ్ల సంగతి. తలా ఒక అంకె చెప్పారని కంగారు పడ్డారు గానీ, ఎవరి అంకెకి ఉండే ఆధారం దానికి ఉంది.

మెకానిక్ చెప్పే 5,000 ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. ఒకప్పుడు అమెరికాలో 3,000 మైళ్లకి మార్చాలనే అలవాటు గట్టిగా ఉండేది. అంటే 4,800 కి.మీ. కార్బురేటర్ ఇంజిన్లు, మినరల్ (ముడిచమురు శుద్ధి చేసి తీసే మామూలు) ఆయిళ్ల రోజుల్లో అది సబబే. తర్వాత ఇంజిన్లు మారాయి, ఆయిళ్లు మారాయి, అంకె మాత్రం నోటిలో అలాగే ఉండిపోయింది. ఎక్కువసార్లు మారిస్తే ఆయనకి ఎక్కువ పని దొరుకుతుందన్నది నిజమే, కాదనను. కానీ మీ కారు విషయంలో ఆయన దాదాపు కరెక్టుగానే చెప్పాడు, బహుశా ఆయనకి తెలియని కారణం వల్ల.

మాన్యువల్‌లో సర్వీస్ పట్టిక దొరకగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. ఒకటి రెండు పేజీలు తిప్పండి. 'కఠిన పరిస్థితులు' అనో 'సివియర్ కండిషన్స్' అనో ఇంకో పట్టిక ఉంటుంది. పదే పదే చిన్న దూరాలు తిరగడం, ఎక్కువసేపు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో) నిలబడటం, దుమ్ము రోడ్లు, విపరీతమైన ఎండ లేదా చలి, బరువు లాగడం, టాక్సీగా తిప్పడం, ఇవన్నీ అందులో వస్తాయి. ఆ పట్టికలో గడువు చాలా కార్లకు సగానికి సగం ఉంటుంది. అంటే 10,000 కాస్తా 5,000, ఏడాది కాస్తా ఆరు నెలలు. 'కఠిన' అనగానే కొండల్లో, ఎడారిలో తిరిగే బండి అనుకుంటాం. పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే కారు కూడా అందులోకే వస్తుందని ఎవరికీ తట్టదు.

మీ బావగారు చెప్పిన 20,000 కూడా గాలిలోంచి ఊడిపడింది కాదు. యూరప్‌లో కొన్ని కంపెనీల కార్లకి 30,000 కి.మీ. లేదా రెండేళ్ల దాకా గడువిచ్చే పద్ధతి ఉంది. అయితే దానికి షరతులున్నాయి. కంపెనీ తన స్పెసిఫికేషన్‌తో ఆమోదించిన ఆయిలే పోయాలి. కారు తిరిగిన తీరుని బట్టి గడువుని కుదించే ఏర్పాటు బండిలోనే ఉంటుంది. మీలా తిరిగితే ఆ కారు కూడా చాలా ముందే సర్వీస్ అడుగుతుంది. సింథటిక్ ఆయిల్ మంచిదే. చలిలో త్వరగా పారుతుంది, ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, తక్కువగా ఆవిరవుతుంది. టర్బో ఉన్న కారుకి ఇంకా మంచిది. కానీ దానిలోకి దిగే నీళ్లనీ పెట్రోల్‌నీ అది ఆపలేదు కదా. డబ్బా మీద ఎంత రాసి ఉన్నా మాన్యువల్ గడువుని దాటకండి. మీ బావగారు రోజూ హైవే మీద తిరిగేవారైతే తన అనుభవంతో చెప్పి ఉంటారు. ఆ అనుభవం ఆయన కారుకి సరిపోతుంది, మీ కారుకి కాదు.

నల్లటి రంగు సంగతి తొందరగా తేల్చేస్తాను, ఎందుకంటే దాని మీద జరిగే చర్చ దానికున్న విలువకి మించిపోయింది. ఆయిల్ నల్లబడటం దాని పని అది చేస్తోందనడానికి గుర్తు. మసిని కడిగి తనలో కలుపుకున్న ఆయిల్ నల్లగా కాక ఇంకెలా ఉంటుంది? డీజిల్ కారులో పోసిన కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది, దాన్ని చూసి మారిస్తే రోజూ మార్చాల్సిందే. సీఎన్‌జీ కారులో అయితే తలకిందులు. మసి తక్కువ కాబట్టి ఆయిల్ ఎన్నాళ్లైనా శుభ్రంగా కనిపిస్తుంది, లోపల మాత్రం వేడికి పాడవుతూనే ఉంటుంది. రంగు చూసి గడువు చెప్పగలనన్న మెకానిక్‌ని నేను నమ్మను.

డిప్‌స్టిక్‌తో చూడాల్సింది రంగు కాదు, లెవెల్. మీరు దాన్ని తీసి చూశారని రాశారు, చాలామంది అది కూడా చేయరు. లెవెల్ ఎంతుందో మాత్రం రాయలేదు. ఇలా చూడండి: కారుని చదునైన చోట ఆపండి. ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలు ఆగండి, పైనున్న ఆయిల్ కిందికి దిగాలి. డిప్‌స్టిక్ లాగి, నూలు రాలని గుడ్డతో పూర్తిగా తుడవండి. మొదటిసారి లాగినప్పుడు కనిపించే మరకని లెక్కలోకి తీసుకోకండి, అది గొట్టం గోడలకు రాసుకుని వచ్చింది. మళ్లీ చివరిదాకా దింపి, తీసి, రెండు వైపులా చూడండి. రెండు వైపులా వేరువేరుగా కనిపిస్తే తక్కువ ఉన్న వైపే నమ్మండి. కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్యలో ఎక్కడున్నా సరే. చాలా కార్లలో ఆ రెండు గుర్తుల మధ్య తేడా సుమారు ఒక లీటరు. కింది గుర్తుకి దగ్గరైతే కొంచెం కొంచెంగా పోస్తూ, ఆగి ఆగి చూస్తూ నింపాలి. కొన్ని కార్లకి వేడిగా ఉన్నప్పుడు చూడమంటారు, కొన్నిటికి చల్లగా ఉన్నప్పుడు. మీ మాన్యువల్ ఎలా చెబితే అలా, ప్రతిసారీ ఒకేలా చూడండి.

లెవెల్ పైకి పోయిందా? అది ఇంకా ముఖ్యం. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరిగిందంటే అందులో ఇంకేదో కలుస్తోందని అర్థం. అది పెట్రోలే కావచ్చు. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. ఎగ్జాస్ట్‌లో మసి ఫిల్టర్ ఉండే డీజిల్ కార్లలో కూడా ఇలా జరుగుతుంది. ఆ ఫిల్టర్ తనని తాను శుభ్రం చేసుకోవడానికి అదనంగా డీజిల్ వాడుతుంది, మధ్యలో ఇంజిన్ ఆపేస్తుంటే ఆ డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది.

నెలకోసారి డిప్‌స్టిక్ చూడటం ఆయిల్ మార్చడమంత ముఖ్యం అంటాను. ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా. గడువు దాటిన ఆయిల్‌తో ఇంజిన్ మెల్లగా అరుగుతుంది. ఆయిల్ తక్కువైతే ఒక్క పూటలో పోతుంది. డాష్‌బోర్డు మీద ఎర్రటి నూనె డబ్బా లైటు ఉంది కదా, తగ్గితే అదే చెబుతుందిలే అనుకోకండి. అది వెలిగేది ప్రెషర్ పడిపోయాక. అప్పటికి బేరింగుల మధ్య ఆయిల్ పొర ఉండదు. నడుస్తుండగా ఆ లైటు వెలిగితే పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి, 'ఇంటిదాకా పోదాం' అనకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అచ్చంగా ఇదే.

మార్పించేటప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకోండి. వీటిలో మొదటిది నేను అనుభవించి నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట ఒక వర్క్‌షాపులో ఆయిల్ మార్పించుకుని వచ్చాను. రెండు రోజులకి బండి బరువుగా లాగుతున్నట్టు అనిపించింది. ఏదో నూనె మాడిన వాసన. డిప్‌స్టిక్ తీస్తే మరక పై గుర్తు దాటి రెండు వేళ్ల వెడల్పు పైకి ఉంది. డబ్బాలో నాలుగు లీటర్లుంటే నాలుగూ పోసేశారు. ఆ ఇంజిన్‌కి ఫిల్టర్‌తో కలిపి కావాల్సింది మూడున్నర. 'మిగిలింది ఏం చేసుకుంటారు సార్, మీకే పోశాం' అని నవ్వుతూ చెప్పాడు కుర్రాడు, పాపం ప్రేమగానే. ఆయిల్ ఎక్కువైతే కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని గిలకొట్టి నురగ చేస్తుంది. పంపు నురగని లాగితే బేరింగులకి ఆయిల్ బదులు గాలి అందుతుంది. సీళ్లు కూడా కారడం మొదలెడతాయి. ఆ ఎక్కువ అరలీటరు తీయించుకోవడానికి మళ్లీ ఒక పూట పోయింది. అప్పటినుంచి వర్క్‌షాపు గేటు దాటకముందే డిప్‌స్టిక్ చూస్తాను. మొదట్లో సిగ్గుగా ఉండేది, ఇప్పుడు లేదు.

రెండోది, ఆయిల్ ఫిల్టర్. ఆయిల్‌తో పాటు ప్రతిసారీ మార్చాలి. 'ఇంకా బాగానే ఉంది సార్' అంటే ఒప్పుకోకండి. ఫిల్టర్ పూడుకుపోతే ఇంజిన్‌కి ఆయిల్ ఆగిపోకూడదని ఒక బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, అప్పుడు వడకట్టని ఆయిలే లోపల తిరుగుతుంది. కింద డ్రెయిన్ బోల్టుకుండే వాషర్ కూడా కొత్తది వేయమనండి. నలిగిపోయిన పాత వాషర్‌నే బిగిస్తే తెల్లారేసరికి కారు కింద రూపాయి బిళ్లంత మరక కనబడుతుంది. ఆ చుక్కని ఆపుదామని బోల్టుని మరీ బిగించి, అల్యూమినియం చాంబర్ మరలు చెడగొట్టినవాళ్లూ ఉన్నారు.

మూడోది గ్రేడ్. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని ఉంటుంది చూశారా, అందులో డబ్ల్యూ అంటే వింటర్. ముందు అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత తొందరగా పారుతుంది. వెనకది ఇంజిన్ కాగాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది, దాన్ని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు. 'బండి పాతబడింది, చిక్కటిది పోస్తే సౌండ్ తగ్గుతుంది' అని ఎవరైనా అంటే తలూపేయకండి. సౌండ్ తగ్గొచ్చు. కానీ ఇప్పటి ఇంజిన్లలో వాల్వుల టైమింగ్ మార్చే పరికరాలు కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తాయి, వాటికి వెళ్లే దారులు చాలా సన్నం. వాటి కొలతలన్నీ మాన్యువల్‌లో రాసిన గ్రేడ్‌ని బట్టి పెట్టినవి. మాన్యువల్ ఒకటికి మించి గ్రేడ్లు ఇస్తే వాటిలోంచి ఎంచుకోండి, బయటికి పోకండి. గ్రేడ్‌తో పాటు ఏపీఐ క్లాస్ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే నాణ్యత స్థాయి) కూడా చూడండి. పెట్రోల్ ఇంజిన్లకి 2010లో వచ్చింది ఎస్‌ఎన్, 2020లో వచ్చింది ఎస్‌పీ. కొత్త క్లాస్ పాత దాని స్థానంలో వాడొచ్చు, పాతది కొత్త దాని బదులు పోయకూడదు. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే ఇంజిన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో తప్పు ఆయిల్ పోసినా, పెట్రోల్ కలిసిన ఆయిల్‌తో చాలాకాలం నడిపినా బెల్టు రబ్బరు ఊడి ముక్కలవుతుంది. మీది అలాంటిదేమో ఒకసారి కనుక్కోండి, అలాంటిదైతే గడువు విషయంలో మరీ పట్టుదలగా ఉండాలి.

నాలుగోది, 'ఇంజిన్ ఫ్లష్ చేద్దాం సార్' అంటారు. వద్దని చెప్పండి. వేళకి ఆయిల్ మార్చే ఇంజిన్‌కి అది అక్కర్లేదు. ఏళ్ల తరబడి మార్చని ఇంజిన్‌కైతే అది ప్రమాదం కూడా. ఒక్కసారిగా ఊడొచ్చిన మడ్డి చాంబర్ అడుగున పంపు ఆయిల్ లాగే జాలీకి అడ్డం పడుతుంది. పైన పోసుకునే చిన్న చిన్న సీసాల మందులూ అంతే. కావాల్సినవన్నీ కలిపే డబ్బా మూత వేశారు కదా.

ఇకముందు మీరు ఎన్నాళ్లకి మార్చాలి? ఇలాగే చిన్న చిన్న దూరాలు తిరిగేటట్టైతే ఆరు నెలలకొకసారి. ఏడాదికి రెండుసార్లంటే ఎక్కువ అనిపిస్తే ఇంకో దారి ఉంది. వారానికి ఒకసారి కారుని ముప్పావుగంట ఆగకుండా పోయే రోడ్డు మీద తిప్పుకు రండి. ఆ వారంలో చేరిన తేమ, పెట్రోల్ చాలావరకు ఆవిరైపోతాయి. అది నిజంగా చేస్తానన్న నమ్మకం మీకుంటే ఏడాదికి ఒకసారి చాలు, కిలోమీటర్లు ఎంత తక్కువైనా ఏడాది మాత్రం దాటనివ్వకండి. 'వీలైనప్పుడు తిప్పుతాలే' రకం అయితే (నేను ఆ రకమే) ఆరు నెలలే నయం. కొన్ని కార్లలో ఆయిల్ ఎంత మిగిలిందో శాతంలో చూపిస్తారు. చాలా వాటిలో అది ఆయిల్‌ని పరీక్షించి చెప్పేది కాదు, ఇంజిన్ తిరిగిన చుట్లు, వేడి, చల్లటి స్టార్ట్‌లు లెక్కగట్టి వేసిన అంచనా. అయినా ఒక్క కిలోమీటర్లను నమ్ముకోవడం కంటే మేలే. మీ కారులో ఉంటే, మార్చిన ప్రతిసారీ దాన్ని రీసెట్ చేశారో లేదో చూసుకోండి.

తీసిన పాత ఆయిల్‌ని ఎక్కడబడితే అక్కడ పారబోయనివ్వకండి. ఒక లీటరు వాడిన ఆయిల్ పది లక్షల లీటర్ల దాకా మంచినీటిని పాడు చేయగలదని అంచనా.

ఇప్పుడు మీ నాన్నగారి కారు. నిజం చెప్పాలంటే మీ కారు కంటే నాకు దాని గురించే ఎక్కువ దిగులుగా ఉంది. ఆయన మంచికని చేస్తున్న పనే ఆ ఆయిల్‌ని పాడు చేస్తోంది. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ఇంజిన్ వేడెక్కదు. చల్లటి స్టార్ట్‌కి ఎక్కువ పెట్రోల్ తాగుతుంది, నీరు పుడుతుంది, రెండూ చాంబర్‌లోకి దిగుతాయి. బయటపడే దారి లేదు. వారానికొకసారి చొప్పున మూడేళ్లంటే నూటయాభై సార్లకు పైనే. బ్యాటరీకి కూడా మేలేమీ లేదు. స్టార్టర్ లాగేసిన కరెంటుని ఐడిల్‌లో ఆ ఐదు నిమిషాల్లో ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే జనరేటర్) పూర్తిగా తిరిగి నింపుతుందన్న నమ్మకం లేదు.

ఆ కారుకి 900 కిలోమీటర్లే అయినా ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించండి. ఎంత తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి మార్చడం అలవాటు చేసుకోండి. వాడకం పెరిగే అవకాశం ఉంటే, కొత్త ఆయిల్ పోసిన వెయ్యి కిలోమీటర్లకే ఇంకోసారి మార్పించడం మంచిది, లోపల పేరుకున్నది దానితో పాటు మెల్లగా బయటికొస్తుంది. ఫ్లష్ చేసే పని కూడా ఉండదు. బ్యాటరీ కోసమైతే, ఎన్నాళ్లైనా తగిలించి ఉంచగలిగే చిన్న చార్జర్లు దొరుకుతాయి, నిండగానే అవే తగ్గించుకుంటాయి. అది పెట్టేస్తే ఆదివారం స్టార్ట్ చేయాల్సిన పనే లేదు.

కానీ మీ నాన్నగారు ఒప్పుకోరేమో. కారు స్టార్ట్ చేసి ఆ సౌండ్ వినడం ఆయనకి ఇష్టమైన పని అయి ఉండొచ్చు, బ్యాటరీ ఒక వంక. అలాగైతే మాన్పించకండి. టైర్లలో గాలి, బ్రేకులు చూపించి, ఆదివారం ఆయన్ని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి మీరు పక్కన కూర్చోండి. ముప్పావుగంట తిరిగి రండి, మధ్యలో ఎక్కడా ఆపొద్దు. వెళ్లేముందు ఆ కారు ఆయిల్ మూత తీసి లోపలివైపు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, నాలుగు ఆదివారాలయ్యాక మళ్లీ తీయండి. ఏం కనబడిందో నాకు రాయండి.